చిన్నాయనా అన్న పాపానికి

మా కాలంలో మనుషులకు పేర్లు ఉండేవి గాని వాటితో పెద్దగా పని ఉండేది కాదు. పేరు బడి రిజిస్టరులోకి, భూమి పత్రాల్లోకి పనికొచ్చేది. మిగతా రోజంతా మనిషిని వరసతోనే పిలిచేవాళ్ళు. మా తాలూకాలు అప్పుడు కర్నూలు జిల్లాలో, జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేవి. కానీ గిద్దలూరు నుంచి యర్రగొండపాలెం దాకా ఎవరిని అడిగినా తమది ఏ జిల్లానో చెప్పే ముందు ఎవరికి మేనల్లుళ్ళో, ఏ ఇంటికి అల్లుళ్ళో చెప్పేవాళ్ళు. దారిలో మంచినీళ్ళు అడిగేవాడు 'అక్కా' అని అడుగుతాడు. బండి పక్కకు తియ్యమనేవాడు 'మామా' అంటాడు. తగాదా పడేవాళ్ళు కూడా వరస వదిలేవాళ్ళు కాదు. ("ఏంది బావా, నా గట్టు తెగ్గొడతావా?" అంటూ కర్ర ఎత్తినవాణ్ణి నేను కళ్ళారా చూశాను.) ఈ పిలుపుల్లో అబద్ధం ఉండేది కాదు, నిజం కూడా పెద్దగా ఉండేది కాదు. ఆ రెండింటి మధ్య ఎక్కడో నేను ఒక ఏడాదిన్నర పాటు ఇరుక్కున్నాను. నా భార్య పోయి సంవత్సరం దాటింది కనుక ఆ సంగతి ఇప్పుడు రాయవచ్చుననుకుంటున్నాను.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. ట్రైనింగు ముగించుకుని వస్తే, యర్రగొండపాలేనికి నాలుగు మైళ్ళ అవతల, నల్లమల మొదలయ్యే చోట ఉన్న ఒక పల్లెకు బోర్డు స్కూలు అయ్యవారిగా వేశారు. మాది గిద్దలూరు పక్క పల్లె. బయలుదేరే రోజు మా అమ్మ, జన్మలో రెండు ఊళ్ళు మాత్రమే చూసిన మనిషి, నాకు లోకజ్ఞానం చెప్పింది. "కొత్తూర్లో ఎవుర్నీ పేరు పెట్టి పిలవాకు నాయనా. అట్లని ఎవుర్ని పడితే వాళ్ళను మామా, అత్తా అనబాకు. పెళ్ళి కాని పిల్లోడివి. ఆడపిల్ల ఉన్న ఇంట్లో మామా అంటివా, వీడేందో మనసులో పెట్టుకొనే వచ్చినాడంటారు. చిన్నాయనా, చిన్నమ్మా అను. ఆ మాటకు యాడా తప్పు రాదు." మా అమ్మ చెప్పినవాటిలో తప్పు వచ్చింది ఆ ఒక్కటే.

ఆ ఊళ్ళో నాకు బస, తిండి ఒక రైతు ఇంట్లో ఏర్పాటు చేశారు. మావాళ్ళే గాని ఎరిగిన చుట్టరికం ఏమీ లేదు. నేను వెళ్ళేసరికి ఆయన వాకిట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు. నేను ట్రంకుపెట్టె కింద పెట్టి, అమ్మ నేర్పినట్టే, "చిన్నాయనా, బడి తాళంచెవి మీ కాడ ఉందంట" అన్నాను. ఆయన చేతిలో తాడు ఆగిపోయింది. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి ఇంట్లోకి కేకేశాడు. "ఇదో, అయివారు వచ్చినాడు. చిన్నాయనా అంటాండాడు. సంగటి కాదు, అన్నం వండు." ఆయనకు కొడుకులు లేరు. ఆ మాట ఆయన లోపల ఎంత పని చేసిందో తెలుసుకునేంత వయసు నాకు లేదు. అన్నం మాత్రం బాగుంది.

వాళ్ళకు ఒక కూతురు ఉందనీ, వెలిగండ్లలో వాళ్ళ అవ్వకు కాలు విరిగితే చేసిపెట్టడానికి పోయిందనీ చిన్నమ్మ చెప్పింది. చెప్పిన తీరును బట్టి నేను ఏ పదేళ్ళ పిల్లనో ఊహించుకున్నాను. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం బండి వచ్చి ఆగింది. అందులోంచి పంతొమ్మిదేళ్ళ అమ్మాయి దిగింది. (పంతొమ్మిదేళ్ళ దాకా పెళ్ళి చేయకుండా ఉంచుకోవడం ఆ రోజుల్లో పెద్ద మాట. ఒక్కతే కూతురని, దూరం పంపలేక, ఆయనే ప్రతి సంబంధానికీ ఒక వంక చెప్పి పక్కకు జరుపుతూ వచ్చాడని తర్వాత తెలిసింది.) "మన అయివారు. నీకు అన్న అవుతాడు" అన్నాడు చిన్నాయన. ఆ అమ్మాయి నావైపు చూసి, "అన్నా, ఆ మూట అందుకో" అంది. నన్ను అంత త్వరగా పనిలో పెట్టినవాళ్ళు మళ్ళీ తగల్లేదు.

ఆమె వెలిగండ్లలో ఐదో తరగతి దాకా చదివింది. నాకు పోస్టులో వారపత్రిక వచ్చేది. నేను బడి నుంచి వచ్చేసరికి అది ఆమె చదవడం అయిపోయి, నేను చదవబోయే వార్తలన్నీ అన్నంతోపాటు విస్తట్లో పడేవి. బడి వాళ్ళ పశువుల కొట్టానికి ఆనుకునే ఉండేది. ఒకనాటి రాత్రి భోజనం దగ్గర ఆమె మామూలుగా, "అన్నా, ఈ పొద్దు పదమూడో ఎక్కంలో తప్పు చెప్పినావు" అంది. కొట్టంలో పేడ ఎత్తుతూ పాఠమంతా వింటుందని అప్పుడు అర్థమైంది. మరునాటి నుంచి నా గొంతు కొంచెం పెరిగింది. కొన్నాళ్ళకు, రాత్రి ఆమె దిద్దుతుంది గదా అని, కొన్ని తప్పులు కావాలనే చెప్పడం మొదలుపెట్టాను. (ఆ బడిలో చదివినవాళ్ళలో ఎవరికైనా పదమూడో ఎక్కం ఈనాటికీ సరిగా రాకపోతే ఆ పాపం నాదే.)

ఇది ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలిసేసరికి ఆరు నెలలైంది. తెలిసిన రోజున నాకు సంతోషం కన్నా ముందు భయం వచ్చింది. కులం అడ్డం లేదు, ఇంటిపేర్లు వేరు, మా రెండిళ్ళ స్థితీ ఇంచుమించు ఒకటే. అడ్డంగా ఉన్నదల్లా నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాట. ఆయన చిన్నాయన అయితే ఆ పిల్ల చెల్లెలు. మొదటి రోజున మామా అని ఉంటే మరదలు అయ్యేది. అదే మనిషి, అదే ఇల్లు, అదే పిల్ల. ఊరంతా ఆరు నెలలుగా విన్న పిలుపును ఇప్పుడెట్లా మింగడం?

నేను మొదట పట్టిన ఉపాయం అసలు పిలవకుండా ఉండటం. చిన్నాయనతో పని పడితే ఆయన నావైపు తిరిగేదాకా ఎదురుగా నిలబడేవాణ్ణి. తిరగకపోతే దగ్గేవాణ్ణి. చిన్నమ్మ వంటింట్లో ఉంటే గడప దగ్గర గొంతు సవరించుకునేవాణ్ణి. నెల రోజులు ఇలా నడిచింది. చిన్నమ్మకు దిగులు పట్టుకుంది. "అయివార్ల గొంతులు సుద్దముక్కల పొడికి పాడైపోతాయంట" అని రెండు పూటలా మిరియాల కషాయం కాచి ఇవ్వడం మొదలుపెట్టింది. తాగేదాకా కదిలేది కాదు. ఆమె కూతురు తలుపు పక్కన నిలబడి నా ముఖం చూస్తూ ఉండేది. ఆ పిల్లకు నా జబ్బు తెలుసు.

ఒక సాయంత్రం పెరట్లో ఆమె కందికట్టె కట్టలు కడుతూ ఉండగా నేనే మాట ఎత్తాను. "నన్ను అన్నా అని పిలవొద్దు."

"మరి ఎట్ల పిలవాల?"

"ఎట్లా పిలవొద్దు."

"పిలవకుంటే పలుకుతావా?"

ఆమె కట్ట బిగించి ముడేసింది. "నువ్వు మా నాయన్ను ఏమంటివో, దాన్ని బట్టి నేను నిన్ను అంటాండా. నీ నోరు మారితే నా నోరు మారుతుంది. ముందు నువ్వు మార్చు." అని ఒక్క క్షణం ఆగి, "అన్నా" అని కలిపింది. ఆ తర్వాత ఆ 'అన్నా'లో ఎన్ని రకాలు ఉండవచ్చో నాకు తెలిసి వచ్చింది. అడిగేది, దెప్పేది, నవ్వేది, మధ్యలో విరిగిపోయేది, ఎనిమిది నెలల పాటు అన్నీ విన్నాను. అన్నం వడ్డిస్తూ, "అన్నా, అన్నమా సంగటా?" అని అడిగిన ప్రతిసారీ నాకు కడుపు నిండిపోయేది.

పక్కింట్లో ఒక ముసలామె ఉండేది. చుట్టుపక్కల పాతిక ఊళ్ళలో ఎవరికి ఎవరు ఏమవుతారో ఆమె నోటికి చెప్పేది. పెళ్ళిమాటలు నడిపేవాళ్ళు ముందు ఆమె దగ్గరికి పోతే గాని జాతకాల దగ్గరికి పోయేవాళ్ళు కాదు. ఊరంతా ఆమెను వరసలవ్వ అనేవాళ్ళు. ఎరిగిన చుట్టరికం లేకపోతేనేం, ఎరగని చుట్టరికం ఏదో ఉండకపోతుందా అన్న ఆశతో నేను ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె ఆముదాలు ఒలుస్తోంది. నేను ఏదో లోకాభిరామాయణంగా అడిగినట్టు, మా ఇంటికీ ఈ ఇంటికీ పాత సంబంధం ఏమైనా ఉందా అవ్వా అన్నాను.

"మీ నాయన తల్లి, మీ జేజి పుట్టినిల్లు ఏ ఊరు?"

చెప్పాను. ఆమె ఐదారు ఆముదాలు ఒలిచేంతసేపు ఆలోచించింది. "మీ జేజీ, ఈయన తల్లీ అక్కచెల్లెండ్ల బిడ్డలు. అంటే మీ నాయనా ఈయనా అన్నదమ్ములు. నీకు చిన్నాయనే. చూసినావా, ఎరగకుండానే నీ నోట సరైన మాట వచ్చింది."

నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. వేరే వైపు నుంచి చూడు అవ్వా అన్నాను.

"వేరే వైపా? మీ అమ్మ వైపు నుంచి పోతే..." ఇంకో నాలుగు ఆముదాలు. "మీ అమ్మా, ఈయన తల్లీ ఇంకో లెక్కలో అక్కాచెల్లెండ్లు అవుతారు. అప్పుడు ఈయన నీకు అన్న. ఆ పిల్ల నీకు కూతురు."

నేను పెళ్ళి చేసుకోవాలనుకున్న అమ్మాయి పావుగంటలో నాకు చెల్లెలూ అయింది, కూతురూ అయింది. ఇంకొక్క వైపు పోనిస్తే అవ్వ వరస కూడా అయ్యేదేమో. లేచిపోదామనుకుంటూ ఉండగా ఆమె చేట పక్కన పెట్టి నన్ను చూసింది. "మీ చిన్నమ్మ వైపు నుంచి అడగలేదేంది? వెలిగండ్లలో ఆమె తాత దత్తు పోయినోడు. దత్తు ఇచ్చింది మీ ఇంటిపేరోళ్ళే. అంటే ఆమె పుట్టుకకు మీ ఇంటి ఆడబిడ్డ. మీ నాయనకు చెల్లెలు. నీకు మేనత్త."

"అయితే ఆ పిల్ల..."

"నీకు ఏది కావాల్నో ముందే చెప్పుంటే నాకింత శ్రమ తప్పేది గదా నాయనా" అని మళ్ళీ చేట ముందుకు లాక్కుంది. దత్తు ఇచ్చింది నిజంగా మా ఇంటివాళ్ళేనా అని అడిగాను. "మీ ఇంటిపేరోళ్ళో, దాన్ని పోలిన ఇంటిపేరోళ్ళో. ఎవురు పోయి చూసొచ్చినారు?" అంది.

ఆధారం దొరికింది. ఇక మిగిలింది 'మామా' అనడం. దానికి నేను చేసిన సాధన గురించి చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఊళ్ళో ఒకే ఒక దుకాణం ఉండేది. దాన్ని నడిపే సాయిబును ఊరందరూ మామా అనేవాళ్ళు, ఆయన ఊరందరినీ అల్లుడా అనేవాడు. నోరు తిరగాలని నేను రోజూ ఆయన దగ్గరికి పోయి, "మామా, ఉప్పు" అనేవాణ్ణి. అక్కడ మాట చక్కగా వచ్చేది. నాలుగో రోజున ఆయన తక్కెడ ఆపి, "ఏంది అల్లుడా, పొద్దున్నుంచి మూడుసార్లు ఉప్పు తీసకపోతివి. ఊరగాయ పెడతాండావా?" అన్నాడు. ఆ ఉప్పంతా నా ట్రంకుపెట్టెలో బట్టల కింద చేరింది.

దుకాణంలో వచ్చిన మాట ఇంట్లో రాలేదు. ఒక రోజు పొలానికి పోతూ చిన్నాయన వెంట నడిచాను. చుట్టూ ఎవరూ లేరు. మనసు గట్టి చేసుకుని "మా..." అన్నాను. ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. "మా ఏంది?" "మా... మా అమ్మ ఉత్తరం రాయించింది." "ఏమని?" "అందరూ బాగున్నారని." "బాగుంటే మంచిదే గదా. దానికి ఇంత చెమట ఎందుకు?" అని ఆయన తలగుడ్డ తీసి, ముఖం తుడుచుకోమని నాకు ఇచ్చాడు. నాకు ఆ తర్వాత పది రోజులు మళ్ళీ ధైర్యం రాలేదు.

ఆ పది రోజుల్లోనే సంబంధం కుదిరింది. కొనకనమిట్ల వైపు వాళ్ళు, మంచి భూములున్న ఇల్లు, పిల్లవాడు నెమ్మదస్తుడని పేరు. చిన్నాయన ఈసారి వంక చెప్పలేకపోయాడు. వచ్చే గురువారం వచ్చి పిల్లను చూసుకుని, నచ్చితే అప్పుడే వక్కాకు పుచ్చుకుని పోతారని చెప్పాడు. మా వైపు వక్కాకు పుచ్చుకుంటే మాట అయిపోయినట్టే, మళ్ళీ వెనక్కి పోవడం ఉండదు. చెప్పి నా భుజం మీద చెయ్యి వేశాడు. "కాళ్ళకు నీళ్ళిచ్చేది ఇంటి కొడుకు. ఇన్నేండ్లు ఎవురొచ్చినా నేనే చెంబు పట్టుకొని నిలబడినా. ఈసారి నువ్వు నిలబడు. నాకు చూడాలని ఉంది." నేను తల ఊపాను. కాదనడానికి కూడా ముందు ఆయన్ను ఏదో ఒకటి అని పిలవాలి.

ఆ రాత్రి వడ్డించేటప్పుడు ఆమె నన్ను ఏమీ అని పిలవలేదు. అన్నమా సంగటా అని కూడా అడగలేదు.

గురువారం ఎనిమిది మంది వచ్చారు. నేను పంచ ముందు గంగాళం పక్కన చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఒక్కొక్కరికీ కాళ్ళకు నీళ్ళిచ్చాను. పెళ్ళికొడుకు నాకన్నా రెండేళ్ళు పెద్దవాడై ఉంటాడు. పాదాల మీద దుమ్ము పోయేదాకా ఓపిగ్గా కడుక్కుని, "చాలు అన్నా, శ్రమ పడినావు" అన్నాడు. అతన్ని ద్వేషించడానికి చాలా ప్రయత్నించాను గాని ఏ వంకా దొరకలేదు. అతని మేనమామ, పెద్దమనిషి, నన్ను చూసి ఈ పిల్లోడెవరని అడిగాడు. చిన్నాయన గొంతు ఆ రోజు విన్నంత నిండుగా నేను మళ్ళీ వినలేదు. "మా పెద్దోడు. అన్న కొడుకు. వీడొచ్చినాక ఈ ఇంట్లో కొడుకు లేని కొరత తీరిపోయింది." ఎనిమిది మందీ నావైపు చూశారు. ఇప్పుడు చెప్పకపోతే ఇక లేదని నాకు తెలుసు. నోరు తెరిచాను. "లోపలికి రాండి, చాప మీద కూర్చోండి" అన్నాను.

వాళ్ళు పంచలో చాప మీద కూర్చున్నారు. నేను చెంబుతో గడప దగ్గరే ఉండిపోయాను, ఎటు పోవాలో తోచక. ఆమెను రమ్మన్నారు. పళ్ళెంలో తమలపాకులు, వక్కలు పెట్టుకుని లోపలి నుంచి వచ్చింది. నేను గడపకు అడ్డంగా ఉన్నాను. ఆమె నా ముందు ఆగింది. రోజూ అనే మాట అన్నట్టు, గొంతు పెంచకుండా, తగ్గించకుండా, "బావా, రొంత జరుగు" అంది.

జరిగాను. ఆమె వచ్చి పళ్ళెం చాప మీద పెట్టి ఒక పక్కగా నిలబడింది. అరిచి చెప్పి ఉంటే ఏదో పిచ్చి కోపం అనుకునేవాళ్ళు. ఏడ్చి ఉంటే పుట్టిల్లు వదల్లేక అనుకునేవాళ్ళు. అంత మామూలుగా అనడంతో, అది ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి నడుస్తున్న పిలుపు అని ఎనిమిది మందీ నమ్మారు. మేనమామ తమలపాకు తీసుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "పెద్దాయనా, పిల్లకు బావ వరస అయ్యేటోడు ఇంట్లోనే ఉండాడు గదా. అంత దూరం నుంచి మమ్మల్నెందుకు రప్పిస్తిరి?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. వాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. ఇచ్చిన మజ్జిగ తాగి లేచారు. పోతూ పోతూ ఆ మేనమామ నా దగ్గర ఆగి, "నీళ్ళు మాత్రం బాగా ఇచ్చినావు నాయనా" అన్నాడు.

వాళ్ళ బండ్లు మలుపు తిరగ్గానే చిన్నమ్మ కూతురి మీద పడింది. "నోరు జారిందా ఏందే నీకు?"

"జారలేదమ్మా."

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. గోడ అవతల అంతా వింటున్న వరసలవ్వ, ఎవరూ పిలవకుండానే వచ్చి, వెలిగండ్ల దత్తు సంగతి మొదలుపెట్టింది. నాకు చెప్పినప్పుడు ఉన్న అనుమానాలు ఒక్కటీ ఈసారి లేవు. దత్తు పోయిన పిల్లవాడికి ఆ రోజు కట్టిన పంచె అంచు రంగుతో సహా చెప్పింది.

చిన్నాయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు కొట్టంలో ఎద్దుకు మేత వేస్తూ, నావైపు చూడకుండా, "నాకు చెప్పడానికేం?" అన్నాడు. చిన్నాయనా అని పిలిచినాక ఎట్ల చెప్పేది అన్నాను. ఆయన ఎద్దు గంగడోలు నిమురుతూ, "అల్లుడు ఏ ఊర్లోనైనా దొరుకుతాడు. కొడుకు యాడ దొరుకుతాడు?" అన్నాడు. అప్పటిదాకా ఆయన వరస తప్పుతుందని బాధపడుతున్నాడనుకున్నాను. నేను ఆయన దగ్గర్నుంచి ఏం తీసుకుంటున్నానో అప్పుడు తెలిసింది. తెలిసినా ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

ఊరు ఊరుకోలేదు. ఏడాదికి పైగా అన్నాచెల్లెళ్ళు, తెల్లారేసరికి బావామరదళ్ళా అని బావి దగ్గర, దుకాణం దగ్గర నవ్వుకున్నారు. పెళ్ళయ్యేదాకా ఆమె నీళ్ళకు బావికి పోలేదు, చిన్నమ్మే పోయేది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. మగవాణ్ణి గదా, చూసి నవ్వి వదిలేశారు. మా నాయన సంగతి తెలిసి గిద్దలూరులో రైలెక్కి, మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, బండి కట్టించుకుని వచ్చాడు. "సదువు చెప్పమని పంపితే వరసలు మారుస్తాండావా?" అని నన్ను అడిగాడు. వరసలవ్వ ఆయన్ను కూర్చోబెట్టి, ఆయనకు ఎరగని చెల్లెలు ఒకామె ఈ ఇంట్లో ఉందని చెప్పింది. చిన్నమ్మ తలుపు చాటు నుంచి "అన్నా, కాళ్ళు కడుక్కో" అంది. మా నాయనకు అక్కచెల్లెళ్ళు లేరు. ఆయన ఇంకేమీ వాదించలేదు.

పెళ్ళయింది. ఇక నేను అందరిముందు మామా అనవలసి వచ్చింది. అంటే ఆయన పలికేవాడు కాదు. చెవుడు వచ్చిందేమో అనుకున్నాం. ఒకసారి పొలంలో ఎద్దు కాలికి తాడు చుట్టుకుంటే కంగారులో పాత అలవాటు కొద్దీ "చిన్నాయనా" అని అరిచాను. పది గజాల అవతల ఉన్న మనిషి వెంటనే తిరిగి, "ఏంది నాయనా?" అన్నాడు. ఆ తర్వాత ఆయన పోయేదాకా మా మధ్య ఒక ఒప్పందం నడిచింది. ఊళ్ళో, చుట్టాల ముందు మామ. పొలంలో, ఇద్దరమే ఉంటే చిన్నాయన. నా భార్య ఒకసారి సద్ది తెచ్చి గట్టు మీద నుంచి ఇది విన్నది. మూట దించి, "అట్లయితే ఇప్పుడు నేనేమవుతా?" అంది. ఆయన అంత బిగ్గరగా నవ్వడం నేను అంతకు ముందు వినలేదు.

ఈ కథను నేను నలభై ఏళ్ళుగా ఎంతోమందికి చెప్పాను. పెళ్ళిళ్ళలో, బదిలీ అయిన ప్రతి ఊళ్ళో, తోటి అయ్యవార్లకు, పిల్లలకు, పిల్లల పిల్లలకు. అయితే ఇప్పుడు రాసినట్టు చెప్పలేదు. నేను చెప్పిన కథలో, ఆ ఎనిమిది మంది ముందూ చెంబు ఠక్కున కింద పెట్టి "మామా, ఈ పిల్లను నాకియ్యి" అన్నవాణ్ణి నేను. మొదట ఎవరి దగ్గరో గొప్పకు అలా చెప్పి ఉంటాను, తర్వాత అదే ఖాయమైపోయింది. ఆమె ఎన్నోసార్లు అక్కడే కూర్చుని బియ్యం ఏరుకుంటూ వింది. ఒక్కసారి కూడా దిద్దలేదు. మనవరాలు ఒకతె, "నిజమేనా అవ్వా?" అని అడిగితే, తల ఎత్తకుండా, "మీ తాత చెప్తాండాడు గదా, విను" అంది.

ఆమె పోయాక చేసిన పెద్దదినం నాడు భోజనాలయ్యాక పిల్లలు నా చుట్టూ చేరి ఆ కథ చెప్పమన్నారు. నా దిగులు మళ్ళించడానికి అడిగారని తెలుసు. మొదలుపెట్టాను. గడప దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. ఆమె వింటూ ఊరుకున్నంత కాలం అది మా ఇద్దరి మాటగా ఉండేది, ఇప్పుడు నా ఒక్కడి అబద్ధం అవుతుంది. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ అవ్వే పిలిచింది, నేను చెంబు పట్టుకుని అడ్డంగా నిలబడ్డాను, అంతే అన్నాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "అవ్వ మీద ప్రేమతో అట్ల చెప్తాండావు లే తాతా. పిలిచింది నువ్వే గదా, మాకు తెలుసు" అంది. రెండోసారి కూడా చెప్పి చూశాను. నమ్మలేదు. నలభై ఏళ్ళు అంత బాగా చెప్పాను మరి.